ఉత్తర తెలంగాణ అడుగుతున్న వాటా

2025 అక్టోబరు 18న తెలంగాణ అంతటా బీసీ బంద్ జరిగింది. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్లు కల్పిస్తూ రాష్ట్ర ప్రభుత్వం జారీచేసిన జీవో 9పై అక్టోబరు 9న హైకోర్టు స్టే విధించింది. ఆ స్టేలో జోక్యం చేసుకునేందుకు 16న సుప్రీంకోర్టు నిరాకరించింది. బంద్‌కు కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ, వామపక్షాలు అన్నీ మద్దతు పలికాయి. ఆ ఉదయం కరీంనగర్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. పదేళ్లుగా కమలం జెండా మోస్తున్నవాడు. బస్టాండు ముందు ధర్నాలో ఉన్నానని చెప్పి, ‘మామా, అన్ని పార్టీలు మద్దతే అంటున్నయి. మరి ఈ బంద్ ఎవల మీద?’ అని అడిగాడు. రాజనీతి శాస్త్రం బోధించే నాకు ఆ క్షణాన జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను. పద్మశాలి కుటుంబంలో పుట్టి, చదువు వల్ల ఉద్యోగం సంపాదించుకున్నవాణ్ణి. బీజేపీని పొగడటమో తెగడటమో ఇక్కడ నా ఉద్దేశం కాదు. సంప్రదాయం, మతం, జాతీయత పునాదులుగా నిలిచిన ఒక పార్టీ, బహుజనులే అత్యధికులైన ఉత్తర తెలంగాణలో ఓట్లు సంపాదించింది. ఆ ఓట్లు నమ్మకంగా ఎందుకు మారడం లేదన్నదే నా విచారణ. ఓటు ఒక సందర్భానికి ఇచ్చేది. నమ్మకం అధికారాన్ని అప్పగించేది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే బీజేపీ భవిష్యత్తును నిర్ణయించబోతున్నది.

కరీంనగర్ లెక్క చూడండి. 2023 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి జిల్లాలోని 13 స్థానాల్లో బీజేపీ ఒక్కటీ గెలవలేదు. బండి సంజయ్ కరీంనగర్‌లో మూడు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 2021 ఉప ఎన్నికలో యావద్దేశాన్ని ఆకర్షించిన హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్, కోరుట్లలో ధర్మపురి అరవింద్ ఓటమి పాలయ్యారు. ఆరు నెలలు గడవకముందే, 2024 లోక్‌సభ ఎన్నికల్లో అదే కరీంనగర్ నియోజకవర్గ ఓటర్లు అదే సంజయ్‌ను 2,25,209 ఓట్ల ఆధిక్యంతో గెలిపించారు. రాష్ట్రం మొత్తం మీద బీజేపీ ఓట్లు దాదాపు 14 శాతం నుంచి 35 శాతానికి చేరాయి. ఢిల్లీకి పంపడానికి సిద్ధపడిన ఓటరు హైదరాబాద్‌ను అప్పగించడానికి సిద్ధపడలేదు. దీన్ని కేవలం మోదీ ఆకర్షణగా కొట్టిపారేస్తే అసలు విషయం అర్థం కాదు. పింఛను, రేషన్ కార్డు, పంచాయతీ నిధి, ధాన్యం కొనుగోలు వంటి నిత్యజీవిత వ్యవహారాలు నడిచేది హైదరాబాద్ నుంచి. అక్కడ తమ ప్రతినిధిగా ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకు బహుజన ఓటరుకు బీజేపీ నుంచి స్పష్టమైన జవాబు దొరకలేదు.

ఆదిలాబాద్ చిత్రం పైకి భిన్నంగా కనిపిస్తుంది. ఆ లోక్‌సభ స్థానం పరిధిలోని ఏడు శాసనసభ స్థానాల్లో నాలుగింటిని 2023లో బీజేపీ గెలుచుకుంది. అవి సిర్పూర్, ఆదిలాబాద్, నిర్మల్, ముధోల్. నాలుగూ జనరల్ స్థానాలే. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ ఎస్టీ స్థానాలు. ఈ మూడింటిలో ఒక్కటీ దక్కలేదు. రాష్ట్రమంతా ఇదే వరుస. శాసనసభలో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12, మొత్తం 31 రిజర్వుడు స్థానాలున్నాయి. బీజేపీ గెలిచిన ఎనిమిది స్థానాల్లో వీటిలోది ఒక్కటీ లేదు. ఈ ఒక్క వాస్తవాన్ని ఆ పార్టీ తన రాష్ట్ర కార్యాలయం గోడ మీద రాసుకుంటే మేలు.

ఈ స్థితికి చరిత్ర ఉంది. 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర తర్వాత రెండు దశాబ్దాల పాటు ఈ ప్రాంతపు దళిత, బీసీ, ఆదివాసీ యువత అధికంగా వామపక్ష ఉద్యమాల వైపు నడిచింది. బీజేపీ పట్టణాల్లో, వర్తక, అగ్రకుల కుటుంబాల ఆసరాతో నిలదొక్కుకుంది. మెట్‌పల్లి నుంచి వరుసగా మూడుసార్లు శాసనసభకు, 1998, 1999లలో కరీంనగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి అయిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు ఆ తరానికి ప్రతినిధి. ఆయన వెలమ. పాతికేళ్ల తర్వాత అదే కరీంనగర్ నుంచి ఎన్నికై అదే హోంశాఖలో సహాయ మంత్రి అయిన సంజయ్ మున్నూరు కాపు. ఇది చిన్న మార్పేమీ కాదు. నక్సల్ ఉద్యమం సన్నగిల్లి, తెలంగాణ ఉద్యమం తన గమ్యం చేరి, ఆ తర్వాత ఊళ్లలో యువతను కూడగట్టే వేదికలు లేనప్పుడు, కొండగట్టు హనుమాన్ దీక్షలు, గణేశ్ మండపాలు, శివాజీ జయంతి ఊరేగింపులు ఆ ఖాళీని నింపాయి. మా మేనల్లుడు పార్టీలోకి వచ్చింది ఆ దారినే. సిద్ధాంత గ్రంథాలు చదివి కాదు. మండపం దగ్గర మైకు పట్టుకున్ననాడు తొలిసారి తన మాటకు విలువ దొరికిందని అతనే నాతో చెప్పాడు. ఆ విలువ అతనికి ముఖ్యం. దాన్ని చులకన చేసే హక్కు నాకు లేదు.

అయితే మండపం దగ్గర దొరికిన విలువ నిర్ణయాలు జరిగే గదిలో దొరికిందా? 2020 మార్చిలో సంజయ్ రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. దుబ్బాక, జీహెచ్ఎంసీ, హుజూరాబాద్ ఫలితాలు ఆయన హయాంలోనే వచ్చాయి. శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2023 జూలైలో ఆయనను తప్పించి జి. కిషన్‌రెడ్డికి బాధ్యతలు అప్పగించారు. అక్టోబరు 27న సూర్యాపేట సభలో అమిత్ షా, తాము గెలిస్తే బీసీనే ముఖ్యమంత్రిని చేస్తామని ప్రకటించారు. ఉన్న బీసీ అధ్యక్షుణ్ణి జూలైలో తప్పించి, రాబోయే బీసీ ముఖ్యమంత్రిని అక్టోబరులో ప్రకటించడం ఓటరుకు పొసగలేదు. అసలు బీజేపీ గెలుస్తుందన్న నమ్మకమే లేనప్పుడు ఆ హామీకి విలువెక్కడిదని పార్టీ అభిమానులు అంటారు. అందులోనూ నిజముంది. కానీ ఎన్నికల తర్వాత శాసనసభా పక్ష నాయకత్వం మహేశ్వర్‌రెడ్డికి, 2025 జూలైలో రాష్ట్ర అధ్యక్ష పదవి ఎన్. రామచందర్‌రావుకు దక్కాయి. ఈ ఇద్దరి అర్హతల మీద నాకు పేచీ లేదు. అధికారం రానప్పుడు కూడా పంచుకోదగినవి పార్టీ పదవులే. వాటిని పంచి చూపితేనే రేపటి ముఖ్యమంత్రి పదవి గురించి చెప్పే మాటకు బరువు వస్తుంది.

మండల్ సిఫారసుల అమలు తర్వాత ఉత్తర భారతంలో ఇదే పార్టీ వేరే దారి పట్టింది. 1991లో ఉత్తరప్రదేశ్‌లో లోధ్ కులస్థుడైన కల్యాణ్ సింగ్‌ను, తర్వాత మధ్యప్రదేశ్‌లో ఉమాభారతిని, శివరాజ్ సింగ్ చౌహాన్‌ను, ఇటీవల మోహన్ యాదవ్‌ను ముఖ్యమంత్రులను చేసింది. సంప్రదాయవాద పార్టీ కాబట్టి బహుజన నాయకత్వం అసాధ్యమని ఎవరైనా అంటే ఈ పేర్లే జవాబు. తెలంగాణలో మాత్రం ఆ దారి సగంలోనే ఆగింది.

ఇక 42 శాతం సంగతి. 2025 మార్చిలో శాసనసభ ఆమోదించిన రెండు బిల్లులకు బీజేపీ సభ్యులూ మద్దతు తెలిపారు. ఆ బిల్లులు రాష్ట్రపతి ఆమోదం కోసం వెళ్లి నిలిచిపోయాయి. ముస్లిం వర్గాలను బీసీ కోటాలో చేర్చడమే తమ అభ్యంతరమని బీజేపీ నాయకులు చెబుతున్నారు. రాష్ట్ర కులగణన ప్రకారం బీసీలు 56.33 శాతం. అందులో ముస్లిం బీసీలు 10.08 శాతం. వారిని పక్కన పెట్టినా మిగిలేది 46.25 శాతం. అంటే పార్టీ అభ్యంతరాన్ని యథాతథంగా అంగీకరించినా 42 శాతం డిమాండు నిలబడుతుంది. దూదేకుల వంటి వర్గాలు దశాబ్దాలుగా బీసీ జాబితాలోనే ఉన్నాయన్నది వేరే విషయం. సుప్రీంకోర్టు విధించిన 50 శాతం పరిమితి అడ్డమని మరో వాదన. 2019 జనవరిలో అగ్రవర్ణ పేదలకు 10 శాతం కోటా కోసం 103వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు ఉభయ సభలు రెండు రోజుల్లో ఆమోదించాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సంకల్పం ఉన్నచోట దారి దొరికింది. ఈ పోలికను ఊళ్లలో చదువుకున్న ప్రతి బీసీ యువకుడూ చేస్తున్నాడు.

తమిళనాడు 69 శాతం రిజర్వేషన్ల చట్టాన్ని 1994లో 76వ సవరణ ద్వారా రాజ్యాంగ తొమ్మిదో షెడ్యూలులో చేర్చారు. ఆనాటి ప్రధాని, మంథని నుంచి నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికైన మన పి.వి. నరసింహారావు. తొమ్మిదో షెడ్యూలు కూడా న్యాయసమీక్షకు అతీతం కాదని 2007లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ దారి పూర్తిగా సురక్షితం కాకపోవచ్చు. కానీ కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ ‘ఇది కుదరదు, ఇందుకు కారణమిది’ అనైనా చెప్పాలి, ‘ఇలా చేద్దాం’ అనైనా చెప్పాలి. బిల్లుకు ఓటు వేసి, బంద్‌కు మద్దతు ఇచ్చి, ఢిల్లీలో మౌనం వహించడం కుదరదు.

ఆదిలాబాద్‌లో ఈ మౌనం మరో రూపంలో ఉంది. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. తమ ఉద్యోగాలు, సీట్లు తరిగిపోయాయన్న గోండుల, కొలాముల ఆవేదన 2017 చివరలో పెద్ద ఆందోళనగా మారింది. ఆ ఉద్యమ కెరటం మీద వచ్చిన సోయం బాపూరావును 2019లో బీజేపీ ఎంపీని చేసింది. ఐదేళ్లలో వివాదం పరిష్కారం కాలేదు. 2024లో ఆయనకు టికెట్ రాలేదు. 2019లో ఆయన చేతిలో ఓడిన గోడం నగేశ్ బీజేపీ అభ్యర్థిగా గెలిచారు. సోయం తరువాత కాంగ్రెస్‌లో చేరారు. జాబితా నుంచి తొలగింపు అని గోండు అన్నప్పుడు అతని మనసులో ఉన్నది లంబాడాల ప్రశ్న. సంఘ్ పరివార్ సంస్థలు అదే మాట అన్నప్పుడు వారి ఉద్దేశం మతం మారిన గిరిజనులు. ఒకే మాటను ఇద్దరూ పలుకుతున్నారు గాని అర్థం ఒకటి కాదు. లంబాడా తండాల ఓటూ గోండు గూడేల ఓటూ కావాలనుకునే పార్టీ ఈ అస్పష్టతలో కొంతకాలం నెట్టుకురావచ్చు. ఎస్టీ స్థానాల్లో మూడు ఓటములు ఆ కాలం ముగుస్తున్నదనే చెబుతున్నాయి. ఇద్దరిలో ఒకరిని శత్రువును చేయకుండా, ఎస్టీ కోటాలో అంతర్గత వాటాల వంటి మార్గం చర్చకు పెట్టవచ్చు. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ ఆలోచనకు బలం చేకూరింది. ఎస్సీ వర్గీకరణ విషయంలో కేంద్రం కోర్టులో అనుకూల వైఖరి తీసుకోగలిగినప్పుడు ఇక్కడ నోరు మెదపకపోవడానికి కారణం కనిపించదు.

బీసీ అన్నది కూడా ఒకే ముద్ద కాదు. బీజేపీలో ఎదిగిన లక్ష్మణ్, సంజయ్, అరవింద్ ముగ్గురూ మున్నూరు కాపులు. ఈటల ముదిరాజ్. సిరిసిల్ల మగ్గాల మీద బతికే పద్మశాలికి, రజకునికి, మంగలికి, కుమ్మరికి ఆ పేర్లలో తమ ముఖం ఇంకా కనిపించలేదు. 2025 మార్చిలో మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల స్థానాన్ని బీజేపీ గెలిచింది. ఆ గెలుపు సంబరంలో మూడో స్థానాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బీసీ నినాదంతో బీఎస్పీ గుర్తుపై నిలిచిన అభ్యర్థికి దాదాపు 60 వేల మొదటి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి. చదువుకున్న బహుజనులు రెండు పెద్ద పార్టీలకూ పంపిన సందేశమది.

ఈ నిలదీత బీజేపీకే పరిమితం కాదు. స్థానిక సంస్థల్లో బీసీల వాటాను 2018 చివరలో తగ్గించింది బీఆర్ఎస్ ప్రభుత్వం. నిలబడదన్న హెచ్చరికలున్నా జీవోతో సరిపెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ రెండు పార్టీల నుంచీ బీసీ ముఖ్యమంత్రి రాలేదు. అయితే రాజ్యాంగాన్ని సవరించే మార్గం కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ చేతిలోనే మొదలవుతుంది. అందుకే ప్రశ్న ముందుగా దానికే తగులుతుంది.

ఉత్తర తెలంగాణ ఏ పార్టీకీ ఓటును రాసివ్వలేదు. 2001 సింహగర్జనకు చోటిచ్చిన కరీంనగరే 2019లో టీఆర్ఎస్‌ను ఓడించి సంజయ్‌ను గెలిపించింది. బీజేపీ ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. ప్రతి ఎన్నికకూ భైంసా వంటి పట్టణాల ఉద్రిక్తతల మీద ఆధారపడటం ఒకటి. దాని ఫలితం ఎంతవరకో రిజర్వుడు స్థానాల లెక్క చెబుతోంది. రెండోది, 42 శాతంపై, ఆదివాసీ వివాదంపై తన వైఖరిని లిఖితపూర్వకంగా ప్రకటించి, రాష్ట్ర, జిల్లా కమిటీల్లో ఏ కులానికి ఎంత చోటిచ్చిందో తానే బయటపెట్టడం. మొదటిది సులువు. రెండోది కష్టం, కానీ నమ్మకం దొరికేది అక్కడే.

సెప్టెంబరు చివరి జాబితాలో మా మేనల్లుడి ఊరి సర్పంచ్ పదవి బీసీలకు వచ్చింది. పాత పరిమితిలో మళ్లీ వేసిన జాబితాలో అది జనరల్ అయింది. డిసెంబరు ఎన్నికల్లో అతను నామినేషన్ వేయలేదు. జనరల్ స్థానంలో పెట్టవలసిన ఖర్చు అతని వల్ల కాదు. ఇందులో ఎవరూ అతనికి ప్రత్యేకంగా అన్యాయం చేయలేదు. జాబితా మారింది, అంతే. బంద్ ఎవరి మీద అన్న ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. అది ఏ పార్టీ మీదా కాదు, అన్ని పార్టీల మౌనం మీద. ఈ మాట చెప్పినప్పుడు అతను కాసేపు ఊరుకుని, ‘గట్లయితే మా పార్టీనే ముందు నోరు తెరవాలె కద మామా’ అన్నాడు. పార్టీ పెద్దలకు నేను చెప్పదలచుకున్నదీ అదే. జెండా మోస్తున్నవాడే ఆ మాట అడుగుతున్నప్పుడు వినడం మంచిది.