తాళపుచెవి యెవరిచేత నుండవలెను?

క్రిప్టో నాణెములు మంచివా, చెడ్డవా యను వాదము మన పట్టణములలో నింకను ముగియలేదు. ఆ వాదమటుండనిండు. ఇదివఱకే వానిని కొనియున్నవారి సొమ్ము ఎవరి స్వాధీనమున నుండవలెనను ప్రశ్న నేడు విచారింపదగియున్నది.

2008లో బిట్‌కాయిన్ ప్రతిపాదింపబడినపుడు దాని యుద్దేశము, మధ్యవర్తిని నమ్మవలసిన యవసరము లేకుండ ఒకరి ధనము మఱియొకరికి చేరవలెననియే. కాని జరిగినదేమి? బ్యాంకులు వలదనినవారే వినిమయశాలల ముంగిట బారులు తీరి, తమ నాణెములతోపాటు తాళపుచెవులనుగూడ శాలాధిపతుల కప్పగించిరి. అట్టివారికి మిగులునది నాణెము కాదు, హామీ మాత్రమే. శాల దివాలా తీసిననాడు వారు తఱచుగా సొత్తుకు యజమానులు గాక, ఋణదాతల వరుసలో నిలిచినవారగుదురు.

2014 ఫిబ్రవరిలో టోకియో నగరపు మౌంట్ గాక్స్ కూలినపుడు సుమారు 8,50,000 బిట్‌కాయినులు కానరాలేదని ప్రకటించిరి. వానిలో రమారమి 2,00,000 మాత్రము పిమ్మట దొరకినవి. 2022 నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. పతనమయ్యెను. ఖాతాదారుల ధనమును దారి మళ్ళించిన నేరము ఋజువై, దాని యధిపతికి 2024లో 25 ఏండ్ల కారాగారశిక్ష పడెను. 2024 జూలైలో మన దేశపు వజీర్ఎక్స్ నుండి దాదాపు 23 కోట్ల డాలర్ల సొత్తు దొంగలపాలయ్యెను. ఖాతాదారులు సింగపూరు న్యాయస్థానమువంక కన్నులప్పగించి చూడవలసివచ్చెను.

దీనికి మఱియొక మార్గము కలదు. 2018 నవంబరులో ఎథీరియంపై వెలసిన యూనిస్వాప్ వంటి వికేంద్రీకృత వినిమయశాలలో నాణెములను దాచియుంచుకొను యజమాను డుండడు. అది ఊరుమ్మడి గాదె వంటిది. గాదెలో రెండు జాతుల నాణెములు నూఱేసి యున్నవనుకొందము. వాని లబ్ధము 10,000. ఆ లబ్ధము చెడకుండుటయే నియమము. రుసుము నటుంచినచో, ఒక జాతివి 25 వేసినవానికి రెండవ జాతివి 20 వచ్చును. 125ను 80చే గుణించిన మఱల 10,000 యగును. ఎక్కువ కోరినకొలది ధర పెరుగును. ఈ నియమము బహిరంగముగా లిఖింపబడియున్నది. చూడగోరినవా రెల్లరు చూడవచ్చును. గాదె నింపినవారికే రుసుములో భాగము లభించును. తాళపుచెవి మాత్రము కడవఱకు సొంతదారు చేతనే యుండును.

దోషములు లేవని మేమనము. ఒప్పందపు లిపిలో లోపమున్నచో దొంగలు దానినే ద్వారముగా చేసికొందురు. నకిలీ నాణెములను ఎవరైనను అమ్మకమునకు పెట్టవచ్చును. గాదె నింపినవారికి ధరల మార్పుచే నష్టమును రావచ్చును. తాళపుచెవి పోగొట్టుకొన్నవానికి ఏ న్యాయస్థానమును దానిని తెచ్చి యియ్యజాలదు. 2022 నుండి విధింపబడిన నూటికి 30 పన్ను ఈ మార్గమున పోవువానికిని తప్పదు.

అయినను భేదము స్పష్టము. ఇచ్చట పొరపాటునకు ఫలము మన పొరపాటువలన. అచ్చట పరుని దురాశవలన. స్వాధీనత కోరువాడు దాని భారమును గూడ మోయవలయును. ప్రభుత్వమువారు ఈ రెండు విధములను ఒక్క గాట కట్టక, పరుల సొమ్ము దాచుకొనువారిని ధర్మకర్తలవలె లెక్క చెప్పునట్లు కట్టడి చేయుదురు గాక. ప్రజలు తమ తాళపుచెవిని కాపాడుకొనుట నేర్తురు గాక.