గట్టి స్ప్రింగు వేస్తే గ్రిప్ పెరిగిపోదు

ఫార్ములా భారత్, బాహా లాంటి పోటీలకు కారు కట్టిన కాలేజీ టీముల్లో ఉన్నవాళ్ల రెజ్యూమెల్లో 'సస్పెన్షన్ ట్యూనింగ్' అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. రాయండి, తప్పేం లేదు. కానీ ఇంటర్వ్యూలో "మలుపులో ముందు చక్రాలు పట్టు వదిలేసి కారు బయటికి పోతోంది. ఏం మారుస్తావ్? ఎందుకు?" అని అడిగితే? 'ఏం' వరకు చాలామంది చెప్పేస్తారు. నోరు పెగలనిది 'ఎందుకు' దగ్గరే.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. స్ప్రింగులు గట్టివైతే కారు తక్కువ వంగుతుంది, కాబట్టి బయటి టైర్ల మీదికి వెళ్లే బరువూ తగ్గుతుందనుకుంటారు. అలా జరగదు. ఎంత బరువు మారుతుందన్నది కారు బరువు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం, మలుపులో పక్కకు లాగే త్వరణం, వీటిని బట్టే ఉంటుంది. డ్రైవర్‌తో కలిపి 280 కిలోల కారు, ఎత్తు 0.3 మీటర్లు, చక్రాల మధ్య 1.2 మీటర్లు, త్వరణం 1.2 జీ అనుకోండి. 280×1.2×0.3÷1.2, అంటే 84 కిలోలు లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు వెళ్తాయి. ఏ స్ప్రింగు వేసినా దాదాపు అంతే. అందులో ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అనే పంపకమే మీ చేతిలో ఉంటుంది.

ఆ పంపకం ఎందుకంత ముఖ్యమంటే, టైరు మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు. ఒకే యాక్సిల్‌పై ఒక టైరు మీద భారమంతా పడి రెండోది తేలిపోతే మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు యాంటీరోల్ బార్ గట్టిగా ఉంటే 84లో పెద్ద వాటా ముందుకే పడుతుంది, ఫలితం అండర్‌స్టీర్. కాబట్టి ముందు బార్‌ను మెత్తబరచాలి, లేదా వెనకది గట్టిపరచాలి. పంపకం వరకు రెండూ ఒకే పని చేస్తాయి. కానీ ముందుది మెత్తబడితే బాడీ ఇంకాస్త వంగి, క్యాంబర్ చెడి, బయటి టైరు అంచు మీద నిలబడొచ్చు. వెనకది మరీ గట్టిదైతే లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు!

పాపం, తప్పంతా డాంపర్లదే అని తేల్చేసేవాళ్లూ ఉంటారు. డాంపర్ కదలికను మాత్రమే అడ్డుకుంటుంది. చదునైన నేల మీద కారు ఒకే వంపులో స్థిరంగా తిరుగుతుంటే దాని పాత్ర దాదాపు ఉండదు. మలుపులోకి దిగేటప్పుడు, గతుకుల మీద, అక్కడే దాని పని.

మీకు కారు ఉంటే గ్రౌండ్‌లో స్కిడ్‌ప్యాడ్ గీయండి. లోపలి వృత్తం వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. 9.1 మీటర్ల వ్యాసార్ధంలో ఒక చుట్టు 5.5 సెకన్లలో పూర్తయితే త్వరణం సుమారు 1.2 జీ. టైర్లలో గాలితో మొదలుపెట్టండి, దానికి పైసా ఖర్చు లేదు. ఒకసారి ఒక్కటే మార్చండి, టైమ్ రాసుకోండి. చివర్లో మొదటి సెట్టింగ్‌కి తిరిగొచ్చి మళ్లీ కొలవండి. ఈలోగా టైర్లు వేడెక్కి ఉంటాయి, డ్రైవర్ చెయ్యి కూడా తిరిగి ఉంటుంది. ఫలించని మార్పులనూ కొట్టేయకుండా ఉంచిన ఆ నోట్‌బుక్, నా లెక్కలో, రంగురంగుల సిమ్యులేషన్ బొమ్మలకంటే విలువైనది. జెడ్‌ఎఫ్, హ్యుందాయ్‌లకు హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. అలాంటిచోటికి వెళ్లేటప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మీ కాలేజీలో టీమే లేదా? ఎక్సెల్ చాలు. ఇదే కారు బరువు నాలుగు టైర్లపై 70 కిలోల చొప్పున ఉందనుకోండి. ముందు వాటా 50 శాతమైతే లోపలి ముందు టైరు మీద 28 కిలోలు మిగులుతాయి. 60 శాతం చేస్తే 19.6కి పడిపోతుంది, బయటిది 120 దాటుతుంది. ఇప్పుడు సెంటర్ ఆఫ్ గ్రావిటీని 2 సెంటీమీటర్లు దించి అదే లెక్క మళ్లీ వేయండి.