వంశవృక్షములు – దప్తరపు సాక్ష్యము

వంశవృక్షమును వ్రాయించి, చట్టమున బిగించి, గోడకు వ్రేలాడదీయు వేడుక మన గృహములందు పెరుగుచున్నది. మూలపురుషుడు మహారాజుచే నగ్రహారము పొందినవాడట! అటుపిమ్మట ఏడు తరములును కొడుకులే. వారిని కన్న తల్లుల పేర్లేవి? ఆడుబిడ్డలేమైరి? ఓడ యెక్కి పోయినవారేమైరి? ఆ కొమ్మలను నరికినవారము మనమే యని మేము చెప్పక తప్పదు.

నిజము తెలియగోరువారికి మార్గము లేకపోలేదు. చెన్నరాజధానిలో 1858వ సంవత్సరమున నేర్పడిన ఇనాము కమీషను గ్రామగ్రామమునందలి మాన్యములను విచారించి, ఇచ్చినదెవరో, పుచ్చుకొన్నదెవరో, నాడనుభవించుచున్నదెవరో పట్టీలలో వ్రాయించెను. అగ్రహారీకులతోపాటు మంగలివారును, కుమ్మరివారును, దేవదాసీలును అందెక్కిరి. మహారాజదానము సత్యమో కల్పితమో అచ్చట చూచుకొనవచ్చును.

సముద్రము దాటినవారికిని సాక్ష్యము కలదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ చెన్నపట్టణపు కూలీలను దర్బను రేవున దింపెను. 1911 వరకు నేటాలునకు పోయినవారు 1,52,184 మంది. అందు తెలుగువారును పెక్కండ్రు. ఓడపట్టీలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయబడినవి. ఆడుదానికిని వేరుగ సంఖ్య, వేరుగ పేరు! మనుష్యులను సరకువలె లెక్కించినవారి పట్టీలో నిలిచిన పేరు కన్నవారి వంశవృక్షమున నిలువకపోవుట యెంత సిగ్గు! ఆమె మునిమనుమలు నేడు ఆ పట్టీని చేతబట్టి మన గ్రామమునకు వచ్చినచో మనమేమి చూపగలము?

పన్నుకొరకు, కూలికొరకు వ్రాసిన వ్రాతలు ప్రమాణమా యని కొందరందురు. గుమాస్తా తనకు తెలియని పేరును వికృతముగా వ్రాసియుండవచ్చును. అడిగినవానికి భయపడి చెప్పినవాడు కులమును మార్చి చెప్పియుండవచ్చును. కావుననే పట్టీని మరియొక పట్టీతోను, యింటి వృద్ధుల మాటతోను సరిచూడవలెను. ఇట్లు పరీక్షించుటకు వీలైన సాక్షిని విడిచి, పరీక్షకు లోబడని పొగడ్తను నమ్ముట వివేకమా?

దేవదాసియనియో, కూలియనియో తేలినచో గౌరవము పోవునని భయపడువారే దప్తరఖానా గడప త్రొక్కరు. వారి భయమునకు మన తల్లుల పేర్లు బలియగుచున్నవి.

కావున చదువరులారా, మొదట మీ తల్లిగారి తల్లి పేరును, ఆమె పుట్టిన యూరును వ్రాయుడు. పిదప దప్తరఖానాకు అర్జీ పెట్టి నకలు తెప్పించుడు. అందు కనబడినది మీకు నచ్చకున్నను, దానిని చెరపక మీ బిడ్డలకు చదివి వినిపింపుడు.