లెక్క అడిగినవారికి చదువు లేదట

గ్రామ పాలన బాగుపడాలని కోరనివారు ఢిల్లీలో ఎక్కడా కనిపించరు. పార్లమెంటు ఉభయ సభలలో పంచాయతీల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ గాంధీజీ పేరు వినబడుతుంది, గ్రామ స్వరాజ్యం మాట వినబడుతుంది, అటుపిమ్మట పద్దు ఆమోదం పొందుతుంది. అయితే పంచాయతీ లెక్కలను జనం ముందు పెట్టాలన్న పట్టుదలతో నిజంగా ఎన్నికలలో నిలిచి గెలిచినవారికి ఈ దేశంలో ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే రాజధాని విడిచి రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాకు పోవాలి.

ఆ జిల్లాలోని హర్మారా పంచాయతీకి 2010లో నౌరతీ బాయి అనే దళిత మహిళ సర్పంచిగా ఎన్నికయ్యారు. బాల్యంలో బడి ముఖం చూసిన మనిషి కాదు. 1980 దశకం ఆరంభంలో కరవు సహాయక పనుల కింద మదన్‌గంజ్-హర్మారా రోడ్డు వేసినప్పుడు అక్కడ చెమటోడ్చిన కూలీలలో ఆమె ఒకరు. కనీస వేతనం చేతికి రాకపోవడంతో ఆ కూలీలు ఎదురు తిరిగారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1983లో జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. కరవు కాలంలో ప్రభుత్వం కూలి ఇవ్వడమే దయాధర్మమన్న వాదన దానితో చెల్లకుండా పోయింది. నౌరతీ బాయి ఆ తరువాతనే అక్షరాలు దిద్దారు. తిలోనియాలోని సంస్థలో కంప్యూటరు సైతం నేర్చుకుని, మరికొందరికి నేర్పారు. సమాచార హక్కు ఉద్యమంలో పాలుపంచుకుని, ఆ అనుభవంతో పంచాయతీ కార్యాలయంలో అడుగు పెట్టారు.

ఆమె పదవీ కాలం ముగియవచ్చిన సమయాన, 2014 డిసెంబరులో, మరి కొన్ని రోజులలో పంచాయతీ ఎన్నికలనగా, రాజస్థాన్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. సర్పంచి పదవికి 8వ తరగతి, గిరిజన షెడ్యూల్డు ప్రాంతాలలో 5వ తరగతి, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ సభ్యత్వాలకు 10వ తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్నది దాని సారాంశం. కంప్యూటరు తెలిసిన సర్పంచి వద్ద ఎనిమిదో తరగతి ధ్రువపత్రం లేదు. కనుక ఆమె మరల పోటీ చేయడానికి అనర్హులయ్యారు. ఆ రాష్ట్ర గ్రామీణ స్త్రీలలో అక్షరాస్యత 2011 జనాభా లెక్కల ప్రకారం 45.8 శాతం మాత్రమే. అక్షరాలు వచ్చిన ఆ కొద్దిమందిలోనైనా ఎనిమిదో తరగతి దాటినవారెందరో ఆ ఆర్డినెన్సు రాసినవారు లెక్క వేసుకోలేదనుకోవడం అమాయకత్వమే అవుతుంది.

చదువురాని సర్పంచి కార్యదర్శి చూపిన చోటల్లా వేలిముద్ర వేస్తాడు, నిధులు దుర్వినియోగమవుతాయి, శిక్ష మాత్రం అతడికి పడుతుంది: ఇదీ ప్రభుత్వ పక్షపు వాదన. దీనిని బొత్తిగా కొట్టివేయడానికి వీలులేదు. అటువంటి సర్పంచులు లేకపోలేదు. కాని ఈ రోగానికి మందు అదే రాజస్థాన్‌లో, అదివరకే, చదువురాని కూలీలే కనిపెట్టి ఉండడం గమనించదగిన విషయం.

1990 మే 1న భీమ్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే వంటి చదువరులు లేకపోలేదు. సంఘానికి బలం మాత్రం కూలీలు, చిన్న రైతులు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో వారు మొదటి ప్రజా విచారణ జరిపారు. పద్ధతి చాలా సులువు. మస్టరు రోలు తెచ్చి, ఊరందరి ఎదుట, పేరు పేరునా పైకి చదవడం. ఆ సభలలో చదివిన జాబితాలలో చచ్చిపోయినవారూ కూలి పుచ్చుకున్నారు, ఏనాడో ఊరు విడిచి వెళ్లినవారూ మట్టి మోశారు. తన పేరు విన్న కూలీ లేచి, నేనా పని చేయలేదు, ఆ డబ్బు ముట్టలేదు అని చెబితే చాలు. అందుకు ఏ తరగతీ ఉత్తీర్ణం కానక్కరలేదు. లెక్క రాయడానికి చదువు కావాలి గాని, లెక్క అడగడానికి చెవులూ నోరూ ఉంటే సరిపోతాయని ఆ సభలు నిరూపించాయి. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేసినవారు ఆ జనమే. 2005లో పార్లమెంటు ఆమోదించిన సమాచార హక్కు చట్టానికి మూలం అక్కడ ఉంది. మన అనంతపురం జిల్లాలో 2006లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ మొదలుపెట్టినప్పుడు దారి చూపినది కూడా ఆ అనుభవమే.

ఆ సంఘం వారు కొందరు పంచాయతీ ఎన్నికలలో స్వయంగా నిలబడ్డారు. ఓటరుకు డబ్బు, సారా ఇవ్వకూడదు, గెలిస్తే ఖాతా బహిరంగం చేయాలి అన్నవి వారు పెట్టుకున్న నియమాలు. రాజ్‌సమంద్ జిల్లా విజయపుర పంచాయతీలో ఏ పనికి ఎంత మంజూరైనదీ, ఎంత ఖర్చయినదీ గోడల మీద రాయించారు. కాగితం బీరువాలో ఉంటే చదివేవాడు కార్యదర్శి ఒక్కడే. గోడ మీద ఉంటే చదువుకునే కుర్రవాడెవడైనా అవ్వకు చదివి వినిపిస్తాడు. అదే జిల్లాలో, జనావద్ పంచాయతీలో 2001లో జరిగిన ప్రజా విచారణ కట్టని కట్టడాలను బయటపెట్టింది. ఆ లేని కట్టడాలకు అంచనాలు వేసి, కొలతలు రాసి, బిల్లులు ఆమోదించడం వేలిముద్రల వారికి సాధ్యమయ్యే పని కాదు. అది డిగ్రీలు, డిప్లొమాలు ఉన్నవారి చేతి పని.

రాజస్థాన్ దారినే హర్యానా ప్రభుత్వం 2015లో చట్టం తెచ్చింది. జనరల్ వర్గం పురుషులకు 10వ తరగతి తప్పనిసరి చేసింది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల వారికి కొంత సడలింపు ఇచ్చింది. ఇంట మరుగుదొడ్డి ఉండాలంది, విద్యుత్ బకాయి ఉండరాదంది. ఆ నిబంధనలతో షెడ్యూల్డు కులాల స్త్రీలలో 68 శాతం అనర్హులవుతారని పిటిషనర్లు సుప్రీంకోర్టుకు విన్నవించారు. అయినప్పటికీ 2015 డిసెంబరు 10న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సప్రేల ధర్మాసనం ఆ చట్టాన్ని సమర్థించింది. మంచిచెడ్డల విచక్షణ మనిషికి విద్య వల్లనే కలుగుతుందన్నది తీర్పులోని ఒక భావం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ చలమేశ్వర్ అంటే స్వతంత్ర భావాలకు పేరుపొందిన న్యాయమూర్తి అని తెలుగువారికి గౌరవం. ఈ ఒక్క తీర్పు విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించడం కష్టం. బడి ఏర్పాటు చేయవలసినది ప్రభుత్వం. అది చేయని తప్పుకు ఆ పౌరుడి హక్కునే జరిమానాగా వసూలు చేయడం ఏ న్యాయం?

పొరుగున పాకిస్తాన్‌లో జరిగినది చూసినా మనవారికి బోధపడవలసింది. 2002లో ముషారఫ్ చట్టసభల అభ్యర్థులకు డిగ్రీ తప్పనిసరి చేశారు. మదరసా పట్టాలను సమానంగా పరిగణించినందున కొందరికి చిక్కు తీరింది. నకిలీ డిగ్రీల వ్యాపారం మిగిలిన కొందరి చిక్కు తీర్చింది. 2008లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. రాజస్థాన్‌లోను 2015 ఎన్నికల తరువాత నకిలీ మార్కుల పత్రాల కేసులు వరుసగా బయటపడ్డాయి. పారదర్శకత కోసమని చెప్పి తెచ్చిన నిబంధన పంచాయతీలకు కొత్త అబద్ధమొకటి నేర్పింది.

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ ప్రశ్న తట్టలేదనుకోరాదు. శాసనకర్తలకు ఏ అర్హతా నిర్ణయించలేకపోయామే అని బాబూ రాజేంద్రప్రసాద్ 1949 నవంబరు 26న రాజ్యాంగ సభలో విచారం వెలిబుచ్చారు. విచారపడినప్పటికీ ఆయన ఆ రాజ్యాంగానికి తలవంచారు. పార్లమెంటు సభ్యునికి, మంత్రికి, చివరకు ప్రధానమంత్రికి సైతం ఈనాటికీ ఏ తరగతీ అక్కరలేదు. లక్షల కోట్ల బడ్జెట్‌కు చేయి ఎత్తడానికి అక్కరలేని ధ్రువపత్రం ఊరి బావి పూడిక లెక్కకు కావలసి వచ్చిందన్నమాట! 1959 అక్టోబరులో నెహ్రూ నాగౌర్‌లోను, కొద్ది రోజులకే మన షాద్‌నగర్‌లోను పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన నాడు ఏ సర్పంచి మార్కుల జాబితానూ ఎవరూ అడగలేదు.

రాజస్థాన్ 2019లో ఆ విద్యార్హత నిబంధనను రద్దు చేసుకుంది. హర్యానాలో 2022 పంచాయతీ ఎన్నికలు ఆ నిబంధనల కిందనే జరిగాయి. పంచాయతీ సభ్యుల అనర్హతలను నిర్ణయించే అధికారాన్ని 243-ఎఫ్ అధికరణం రాష్ట్ర శాసనసభలకు వదిలిపెట్టింది. సుప్రీంకోర్టు తీర్పు దానికి తోడుగా ఉంది. కాబట్టి రేపు మరొక రాష్ట్రంలో, మరొక ఎన్నికల ముందు, లెక్కలు అడిగే గొంతు ఏదైనా గెలిచేటట్లు కనిపిస్తే, అటువంటి ఆర్డినెన్సు మరొకటి తేవడానికి అక్కడి ప్రభుత్వానికి ఒక్క సాయంత్రం చాలు.