ఫ్రిజ్‌లో నీళ్లా? ఆ కన్నం చూడండి!

కూరగాయల డబ్బా బయటికి లాగితే కింద గ్లాసుడు నీళ్లు! తుడిచినా రెండ్రోజులకి మళ్లీ అంతే. ఫ్రిజ్ పాడైపోయిందని కంగారుపడనక్కర్లేదు. చాలాసార్లు కారణం ఒక్కటే... నీళ్లు బయటికి పోయే చిన్న కన్నం మూసుకుపోవడం.

తలుపు తీసిన ప్రతిసారీ తేమ గాలి లోపలికి వెళ్తుంది. చల్లటి వెనక గోడకు తగిలి మంచుగా మారుతుంది. అది కరిగిన నీరు ఆ కన్నంలోంచి సన్నటి గొట్టం ద్వారా ఫ్రిజ్ వెనక ఉన్న ట్రేలోకి చేరి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. దారిలో కొత్తిమీర ఆకో, ఉల్లిపొరో అడ్డుపడితే నీళ్లు లోపలే నిలిచిపోతాయి.

ఎక్కడుంటుంది?

చాలా ఫ్రిజ్‌లలో వెనక గోడ అడుగున, కూరగాయల డబ్బాకి కాస్త పైన, చిన్న కాలువ మధ్యలో ఉంటుంది. కొన్నింటికి కంపెనీవాళ్లే ఆ కన్నంలో ప్లాస్టిక్ పుల్ల పెట్టి ఇస్తారు. అది శుభ్రం చేయడానికే. ఎందుకూ పనికిరాదని పారేయకండి.

శుభ్రం చేయడమిలా...

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు. పాలు, పెరుగు, కూరలు బయట పెట్టి, నిలిచిన నీటిని పొడిబట్టతో తుడవండి. కన్నం చుట్టూ కనిపించే చెత్తను ఇయర్‌బడ్‌తో తీయండి. లోపలికి నెట్టొద్దు. తర్వాత సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా ఎక్కించండి. జిగురుగా ఉంటే ఆ నీళ్లలో చిటికెడు వంటసోడా కలపండి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ పగలొచ్చు. వెనక ట్రేలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించిందా, దారి తెరుచుకున్నట్లే. ట్రే నిండకుండా చూసుకోండి. అంతా పొడిగా తుడిచాకే ప్లగ్ పెట్టండి.

వీటితో పొడవొద్దు

చాకు, దబ్బనం, ఇనుప చువ్వ జోలికి పోవద్దు. గోడ వెనకే గ్యాస్ గొట్టాలు ఉంటాయి. ఒక్క చిల్లు పడిందంటే గ్యాస్ పోయి, రిపేరుకి వేలల్లో ఖర్చు. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడేది ఆర్‌-600ఎ అనే గ్యాస్. దానికి మండే గుణం ఉంది. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో వెనక అంటించిన లేబుల్ మీద రాసి ఉంటుంది.

డబుల్ డోర్ ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లలో ఈ కన్నం సాధారణంగా ఫ్రీజర్ పలక వెనక ఉంటుంది. అక్కడ మంచు గడ్డకట్టినా నీళ్లు కారతాయి. పలక స్క్రూలు మీరు విప్పకండి, మెకానిక్‌ని పిలవండి.

ట్రే సంగతి మరవకండి

ఇల్లంతా శుభ్రంగా ఉన్నా డెంగీ దోమలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియదంటారు కొందరు. ఫ్రిజ్ వెనక ట్రే ఓసారి చూడండి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ శుభ్రమైన నిల్వ నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి ప్లగ్ తీసి, ట్రే ఒంపేసి, రుద్ది కడగాలి.

మళ్లీ మూసుకుపోకుండా...

ఆకుకూరలు విడిగా పెట్టకుండా గుడ్డసంచిలో పెట్టండి. గిన్నెలు వెనక గోడకి ఆనించొద్దు. వేడి కూరలు చల్లారాక, మూతపెట్టి ఉంచండి. తలుపు రబ్బరు వదులైతే మార్పించండి. తేమ తగ్గితే మంచూ తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.