మూడు లైట్ల కిట్ మనకెందుకు?

డాలస్‌లో బ్లూబానెట్లు పూశాయంటే ఓణీల ఫంక్షన్ ఫొటోలకు పార్కులన్నీ మనవాళ్లే. స్నేహితుల కోసం కెమెరా పట్టే మనలో చాలామంది చవకని మూడు ఎల్‌ఈడీ లైట్ల కిట్ కొంటున్నారు. ఇంట్లో సరే, ఎండలో అవి వెలవెలబోతాయి. బ్యాటరీతో నడిచే 200 వాట్-సెకండ్ల ఫ్లాష్ ఒక్కటి కొనండంటాను. గొడాక్స్ ఏడీ200 లాంటిది, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. దానికో పెద్ద తెల్ల గొడుగు. ముఖానికి వీలైనంత దగ్గరగా పెడితే వెలుగు మెత్తగా పడుతుంది, పట్టు పరికిణీ జరీ కళ్లలో పొడిచినట్టు మెరవదు. స్టాండుకి మాత్రం బరువు కట్టాల్సిందే. టెక్సస్ గాలికి ఆ గొడుగు తెరచాపే, పడితే పక్కనున్న పిల్ల మీదే పడుతుంది. ఖాళీ సోనా మసూరి సంచిలో ఇసుక నింపి వేలాడదీసినా చాలు. ఇండియా పెళ్లిళ్లకు తీసుకెళ్తే, విడి బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టుకోండి.