పొగను ఇంధనం చేస్తారట, కరెంటు ఎక్కడిది?

బొగ్గు గురించి యానాదులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో సర్కారు తుమ్మ కొట్టి, బట్టీ పేర్చి, అప్పు తీరక ఆ పొగలోనే బతికినవాళ్లం మేం. బొగ్గు కాలితే వచ్చేదే కార్బన్ డయాక్సైడ్. ఇప్పుడు ఆ వాయువునే కరెంటుతో ఇంధనంగా మారుస్తామంటున్నారు.

ఇది బూటకం కాదు. జపాన్ శాస్త్రవేత్త యోషియో హోరి 1980లలోనే రాగి పలక సాయంతో కరెంటు పంపి, ఈ వాయువు నుంచి మీథేన్, ఇథిలీన్ తీయవచ్చని చూపాడు. ఇంకో దారి కూడా ఉంది. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే మిథనాల్ వస్తుంది. విశాఖ దగ్గరి పూడిమడకలో తలపెట్టింది ఈ రెండో దారే. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్. మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటివి 7500 టన్నులు. ప్రధానంగా ఎగుమతికే.

పిల్లలకు ఈ లెక్క చెప్పండి. 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ నుంచి 32 కిలోల మిథనాల్ వస్తుంది. ఆ మిథనాల్‌ను కాలిస్తే మళ్లీ 44 కిలోలూ గాలిలోకే. పైగా పెట్టిన కరెంటంత శక్తి తిరిగి రాదు. ఆ కరెంటు బొగ్గుదైతే పొగ తగ్గదు, పెరుగుతుంది.

అందుకే సౌర, పవన విద్యుత్తు 20,000 మెగావాట్లు కావాలంటున్నారు. మన కృష్ణపట్నం దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం మూడు యూనిట్లూ కలిపి 2400 మెగావాట్లే. దానికి ఎనిమిది రెట్లు పైమాట! అంత కరెంటుకు నేల ఎవరిది?

అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు మా కొండల మీద వద్దని ఆదివాసీలు నిలబడ్డారు. వాళ్ల చేతిలో 1/70 చట్టం ఉంది, పెసా ఉంది. నెల్లూరు జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆ రెండూ మాకు లేవు. అడవి భూమికైతే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. పట్టా లేకుండా గుడిసె వేసుకున్న పోరంబోకుకు ఏముంది? కాగితం మీద అది ఖాళీ జాగా.

మేం సైన్సుకు అడ్డం కాదు. అడిగేది మూడే. యానాదుల ఇళ్ల స్థలాలకు, సాగు భూములకు పట్టాలిచ్చాకే ఏ నేలనైనా ఖాళీ అనండి. ఊరి సభలో తెలుగులో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోండి. విదేశాలకు ఇంధనం పంపేముందు మా కాలనీల్లో దీపం వెలిగించండి.

యువతీ యువకులారా, ఆ సమీకరణం నేర్చుకోండి. రేపు మన ఊరికి మ్యాపు పట్టుకొచ్చేవాణ్ణి నిలదీయాలంటే కోపం ఒక్కటే చాలదు, లెక్క కూడా తెలియాలి.